ఎల్లేశం పేరు మీద

నువ్వు గాకుంటే ఇంకెవలు చెప్పిండ్రు బావా? గదొక్కటి చెప్పు నాకు. ఆ ముచ్చట ఎరుకున్నది నలుగురికి. నువ్వు, నేను, మా పోశవ్వక్క, నా పెండ్లాం సారలమ్మ. అక్క నోరిడిస్తే తమ్ముని బతుకు ఆగమైతది, చెప్పది. సారలమ్మ చెప్తే దాని కంచంల అదే మన్నువోసుకున్నట్టు, అది సుత చెప్పది. ఇగ మిగిలింది ఎవలో నువ్వే చెప్పు.

తాడు పేనుడు ఆపకు. పేనుకుంటనే చెప్పు. నువ్వు ఆపితే నాకు ఇంకింత అనుమానమైతది.

ఎవలతోని అన్లేదా? కల్లు మండువ కాడ సుత? ఓ సీసెడు ఎక్కువైతే నువ్వు ఊరందరి పుట్టుపూర్వోత్తరాలు చెప్తవ్, నాకెరుక లేదా? "మా బామ్మర్ది నా పేరు మీద బొగ్గుబాయిల చేస్తున్నడు" అని ఒక్కసారన్న నోరు జారలేదా? ప్రమాణం చేస్తవా? వద్దు తియ్యి. ప్రమాణం చేసెటోళ్లను ఈ నడుమ నేను నమ్ముతలేను.

ఐతారం సెలవు దొరికితే పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చింది నీ ఇంట్ల కోడికూర తిందామని కాదు. అక్క నాట్లకు పోయింది, మంచిదే అయింది. పొద్దుగూకెదాక రాదు కదా? సరే. కూసో. నేను చెప్పేది మొత్తం ఇను.

నీకెరుకలేని సంగతులు కావు. కని నువ్వు మర్చినట్టున్నవ్, జర యాది జేస్త.

నిరుడు, అరవై తొమ్మిదిల తెలంగాణ లొల్లి అయినప్పుడు, గోదావరిఖనిల నీకు కొలువు దొరికింది. మన రామగిరి గుట్ట కింద ఊర్లల్ల ఎవలికి దొరికిందప్పుడు? అక్క కొబ్బరికాయ కొట్టింది. మూడంటే మూడు దినాలు బాయిల దిగినవ్. నాలుగో దినం ఇంటికొచ్చి దుప్పటి కప్పుకొని పండుకున్నవ్. "లోపట మనిషికి మనిషి కనవడడు, మీదికెల్లి మన్ను రాలుతది, నేను పోను" అన్నవ్. అక్క తిట్టింది. నేను తిట్టలే. నేను ఏమన్న? నా వంతు చెల్క నువ్వు దున్నుకో, నీ కొలువు కాయితం నాకియ్యి, నీ పేరు మీద నేను పోత అన్న.

ఇద్దరం ఒప్పుకున్నం. నా చెల్క నీ చేతికొచ్చింది, నీ పేరు నా నెత్తి మీదికొచ్చింది. ఇప్పుడు కొలువు పోతే నాకేమున్నది బావా? చెల్క వాపస్ ఇస్తవా? ఇయ్యవు. మక్క ఏసినవ్, వచ్చేటప్పుడు చూసుకుంటనే వచ్చిన. ఏపుగున్నది.

కాయితం మీద నీ గుర్తులు రెండు రాసి ఉండె. కుడి చెవు కింద పుట్టుమచ్చ, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ. పుట్టుమచ్చకు పచ్చబొట్టు పొడిపిచ్చుకున్న. కాలిన మచ్చకు అక్కనే గంటె కాల్చి పెట్టింది. నువ్వు నా చెయ్యి గట్టిగ పట్టుకున్నవ్. అక్క ఏడ్చుకుంట పెట్టింది. ఇగో, ఇప్పటికి నున్నగనే ఉన్నది.

ఇంకో ముచ్చట చెప్తే నవ్వుతవ్. నీ కాయితం మీద పెండ్లాం పేరు పోశవ్వ. అంటే కంపెనీ లెక్కల మా అక్కకు నేనే మొగన్ని. థూ! మా సారలమ్మకు జ్వరమొచ్చి దవాఖానకు తీస్కపోతే చీటి మీద పోశవ్వ అని రాపిచ్చిన. అది రెండు దినాలు నాతోని మాట్లాడలే. "మా వదినె పేరు మీద మందు మింగుతున్న, నాకు పనిచేస్తదా?" అని అడిగింది. ఏమని చెప్పాలె?

నవ్వినవా? నవ్వు. నాకైతే ఇప్పుడు నవ్వు రాదు.

మా సర్దారు ముచ్చట చెప్పాలె నీకు. బుచ్చన్న. బెల్లంపల్లి పాత బాయిలల్ల చేసి మా కాడికి వచ్చిండు. సర్దారంటే ఏందో నీకెరుకే, మూడు దినాలన్న దిగినవ్. మా ఇరవై మంది మీద ఆయినే. ఎవలు ఏ మూలకు పోయి బొగ్గెత్తాలె, ఎవలి మస్టరు పడాలె, ఎవలు ఇంటికి మర్లిపోవాలె, అన్ని ఆయిన నోట్లెనే. నౌకరికి కొత్తోన్ని, ఇగ నేనెంత?

చేతిల పొడుగు కట్టె ఒకటుంటది. దానితోని పైకప్పును కొట్టి చెవు పెట్టి ఇంటడు. కంగుమంటే గట్టిదన్నట్టు. డొల్లగ మోగితే ఎప్పుడన్న కూలుతదన్నట్టు. అదే కట్టెతోని మా ఈపుల మీద సుత ఏస్తడు. ఈపు ఎట్ల మోగినా ఆయినకు ఒక్కటే.

మొదటి నెల నాకు నీ పేరు అలవాటు కాలే. "ఎల్లేశం" అని పిలిస్తే నేను నా చెమ్మస్‌తోని అదే పారతోని బొగ్గెత్తి తట్టల వోసుకుంటనే ఉంటుంటి. ఎవల్నో పిలుస్తున్నరనుకుంటుంటి. పక్కనున్న పోశం మోచేతితోని పొడిచెటోడు. సర్దారు ఓనాడు దగ్గరికొచ్చి "చెవుడా నీకు?" అన్నడు. "అవు సారూ, జర చెవుడు" అన్న. నన్ను కిందికెల్లి మీదిదాక చూసిండు. నా ముంజేతి మీద మచ్చ చూసిండు. బొటనవేలుతోని రుద్ది చూసిండు బావా! "కొత్తదున్నదే" అన్నడు, పోయిండు.

గప్పుడే నాకు బుగులు వట్టింది.

మూడో నెల. మొదటి షిఫ్టు దిగి వచ్చి నల్ల కాడ ముఖం కడుక్కుంటున్న. ఎనుకకెల్లి "కొమురెల్లీ" అని పిలుపు. గట్టిగ కాదు. మా అవ్వ బువ్వకు పిలిచినట్టు, ప్రేమగ. మర్లి చూసిన. నువ్వైనా చూస్తవ్. ఇరవై ఏండ్లు మోసిన పేరాయె.

సర్దారు నిలవడ్డడు. చేతుల బీడీ. నవ్వుతలేడు, కోపంల లేడు. చూస్తున్నడు గంతే. "ఏం లేదు, పో ఎల్లేశం" అన్నడు.

అడిగుంటే బాగుండు బావా. "ఎవనివిరా నువ్వు?" అని కాలరు పట్టుకుంటే కాళ్లు మొక్కెటోన్ని. అడుగలే. ఆఫీసుల చెప్పలే. గదే నాకు సమజ్ కాలే. చెప్పకుంట ఎందుకు దాస్తున్నడు? ఎవలి కోసం దాస్తున్నడు? రాత్రంత గదే ఆలోచన.

ఇగ షురువైంది. పదిమంది ముంగట ఎల్లేశం, నేనొక్కన్నే ఉంటే కొమురెల్లి. "కొమురెల్లీ, నా టిఫిన్ పట్టుకో." పట్టుకున్న. "కొమురెల్లీ, సైకిలు కడుగు." కడిగిన. "కొమురెల్లీ, మీ ఊర్ల నాటుకోళ్లుంటయట." తెచ్చిచ్చిన, నీ గంపకిందిదే, అక్కకు ఎరుకే. నీళ్లు కారే మూలకు నన్నే పంపెటోడు, మోకాళ్ల దాక నీళ్లల్ల నిలవడి బొగ్గెత్తిన. కాళ్లు పుండ్లు వడ్డయ్. ఒక్కనాడు నోరెత్తలే. ఎత్తితే ఏమంటడో ఎరుక కదా.

తరువాత, "మీ ఆడామెను పంపు, మా ఇల్లు అలుకాలె" అన్నడు.

చూడకు గట్ల. పంపిన. ప్రతి శుక్రవారం పోయి అలికచ్చింది. ఏమన్న అన్నడా అని అడిగిన. "ఏమనలే, గడపల కూసుండి చూసిండు" అన్నది. ఏం చూసిండు అంటే చీపురు వట్టుకొని బయటికి పోయింది. అలికేటప్పుడు గడపల కూసుండి చూసుడేంది? ఆయిన భార్య లోపటనే ఉంటదట, ఉండనీ. 

ఇగ నేను ఒకటి నేర్చుకున్న. మర్లకుండ ఉండుడు.

ఎట్లనో తెల్సా? పనికెల్లి వచ్చినంక క్వార్టర్ల గోడదిక్కు ముఖం పెట్టుకొని నిలవడుతుంటి. సారలమ్మను ఎనుక నిలవెట్టి నా పేరు వెట్టి పిలువు అంటుంటి. మొగని పేరు నోట్ల తీస్తదా అది? రెండు చెంపలు ఏసుకున్నది. తిట్టిన, బతిలాడిన, మన కొలువు కోసమన్న. ఆఖరికి కొంగు నోట్ల కుక్కుకొని "కొమురెల్లీ" అన్నది. నా మెడ ఇట్ల తిరిగింది. మల్ల అనమన్న. మల్ల తిరిగింది. ఇరవై దినాలు పట్టింది బావా. ఆఖరికి అది ఎంత పిలిచినా నా మెడ కదులలే. ఆ దినం అది ఏడ్చింది. నేను సంబురపడ్డ.

ఇగ సర్దారు పిలిచినా మర్లకపోదును. ఆయినకు గది నచ్చలే. ఓనాడు పదిమందిల "కూలింది, కూలింది!" అని ఒర్రిండు. నేను తట్ట ఇసిరేసి ఉరికిన, పట్టాల మీద బోర్లవడ్డ, పండ్లు పగిలినయ్. చూస్తే పైకప్పు పైకప్పు లెక్కనే ఉన్నది. అందరు నవ్విండ్రు. ఆయిన నవ్విండు. "ఒర్రితే ఇనవడ్తది, పిలిస్తే ఇనవడది, ఏం చెవుడురా నీది?" అన్నడు.

గప్పటికెల్లి ఆయిన ఏమన్నా నేను నమ్ముడు బందు చేసిన. పొద్దున లేస్తే సూర్యుడు తూర్పుకు పొడిచిండని ఆయిన చెప్పినా మల్లొకసారి చూసుకుందును.

మొన్నటి ముచ్చట చెప్తున్న ఇప్పుడు. తొమ్మిది దినాల కింద.

సారలమ్మకు వాంతులు. నెల తప్పిందనుకుంట, అక్కకు చెప్పు, నేను చెప్పిన్నని చెప్పకు. ఇయ్యాల శుక్రవారమైనా అది రాదు సారూ అన్న. నేను ఆయినకు కాదు అనుడు గదే మొదటిసారి. సర్దారు బీడీ పారేసి "సరే తియ్యి" అన్నడు. అంత మెత్తగ అంటే భయమైతది నాకు. బాయిల దిగినంక నన్ను మూలకు పంపిండు. ఆ మూలకు ఆయినే పైకప్పు కొట్టి చూసిండు పొద్దున. నేను ఇన్న బావా. డొల్లగ మోగింది. అయినా "నువ్వు గాడికి పో" అన్నడు.

నన్ను సంపుదామని పంపిండా? బెదిరిద్దామని పంపిండా? ఏమో. గిది నాకు ఇప్పటికి తెల్వదు.

నేను బొగ్గెత్తుతున్న. నాకు పది అడుగుల ఇవుతల పోశం పట్టాల మీది బొగ్గు టబ్బులకు కొక్కేలు తగిలిస్తున్నడు. సర్దారు గాయింత దూరంల ఉన్నడు. ఉన్నట్టుండి పిలిచిండు. "కొమురెల్లీ!"

నా ఈపు బిగుసుకున్నది. పోశం ముంగట పిలిచిండాయె! ఎన్నడు పదిమందిల ఆ పేరు తీయనోడు పోశం ముంగట పిలిచిండంటే ఎందుకు? సారలమ్మను పంపలేదని, నన్ను బయటవెడుదామని. మర్లితే పోశానికి ఎరుకైతది, నా బతుకు ఆగం. మర్లొద్దు అనుకున్న.

"కొమురెల్లీ! మీద, మీద!" అన్నడు. మొన్న "కూలింది" అన్నది సుత గిట్లనే కదా. నేను చెమ్మస్ ఆపలే. మూడోసారి పిలిచిండు. గొంతు పలిగింది. నా మెడ మీద మన్ను రాలింది, నేను తుడుసుకొని తట్ట నింపుకున్న.

ఇగ అడుగులు ఇనవడ్డయ్. నడుముల మీద చెయ్యివడ్డది, ఎత్తి పారేసినట్టు పారేసిండు నన్ను. నేను టబ్బుకు పోయి గుద్దుకున్న. ఎనుక ఒక్కటే చప్పుడు. దుమ్ము. నా తలకున్న లైటుకు దుమ్ము తప్ప ఏం కనవడలే.

దుమ్ము దిగినంక చూస్తే సర్దారు నడుముల కాడికి ఇవుతల ఉన్నడు. కాళ్లు పెళ్ల కిందున్నయ్.

పోశం, నేను, ఇంకో నలుగురం కలిసి తీసినం. ఎడమకాలు తొడ కాడికి తీసేసిండ్రు దవాఖానల. రెండోది ఉన్నది, ఉన్నదంటే ఉన్నది.

ఆ నీళ్లు నాకియ్యి, తాగుత.

ఏంది, "నిన్ను కాపాడిండు కదా" అంటవా? అందరు గట్లనే అంటున్నరు. సర్దారు దేవుడు, సర్దారు దేవుడు. దేవుడైతే ఆ మూలకు ఎందుకు పంపిండు? చెప్పు. డొల్లగ మోగిందని చెవులార ఇన్నడు కదా? తన తప్పు బయటపడ్తదని ఉరికొచ్చిండా, నా మీద దయతోని ఉరికొచ్చిండా? నువ్వు ఆయిన కడుపుల దూరి చూసినవా?

నేను చూసిన అంటలేను. నాకు తెల్వదనే అంటున్న.

తెల్లారి దవాఖానకు పోయిన. పోకుంటే బాగుండదని పోయిన. మంచం కాడ ఒక ముసలవ్వ ఉన్నది, ఆయిన తల్లి. బెల్లంపల్లి అవుతల ఏదో ఊరికెల్లి వచ్చిందట, సమ్మవ్వ. రొమ్ము గుద్దుకొని ఏడుస్తున్నది. "ఓ నా ఆగయ్యా, నా బిడ్డ ఆగయ్యా, నీ కాలేదిరా కొడుకా" అని.

ఆగయ్య ఎవలు బావా?

మంచానికి ఏలాడేసిన చీటి మీద బుచ్చన్న అనే ఉన్నది. ఆయినకు ఒక్కటే పేరు అయితే కన్నతల్లి ఇంకో పేరు ఎందుకు తీస్తది? చావు ముంగట తల్లి అబద్ధం ఆడదు. కోడలు, అదే సర్దారు పెండ్లాం, గబగబ వచ్చి ముసల్దాని నోరు మూసింది. సర్దారు కండ్లు తెరిచి నా దిక్కు చూసిండు. నేను ఇన్ననని ఆయినకు ఎరుకైంది. ముఖం గోడదిక్కు పెట్టుకున్నడు.

గప్పుడు నాకు ఒక్కొక్కటి యాదికచ్చింది. నేను చేరిన కొత్తల రోజుకో పేరు పిలుస్తుండె ఆయిన. మేము వరుసగ నడుస్తుంటే ఎనుకకెల్లి ఓనాడు "లింగయ్యా" అంటడు, ఓనాడు "రాజవీరూ" అంటడు, ఓనాడు "ఓదేలూ" అంటడు. మా ఇరవై మందిల ఎవలికి ఆ పేర్లు లేవు. ఈనకు పిచ్చి లేచిందని నవ్వుకుంటుంటిమి. పిచ్చి కాదు బావా. గాలం ఏసిండు. ఎవడు మర్లుతడో చూసిండు. మన దిక్కు పెట్టుకునే పేర్లు ఎన్నున్నయ్? కొమురెల్లి మల్లన్నకు మొక్కి కన్నోళ్లు ఇంటికొకరున్నరు. ఓనాడు నా పేరొచ్చింది, నేను మర్లిన.

తాను సుత దొంగపేరు మోసినోడు కనుకనే మోసెటోని నడక గుర్తువట్టిండు. బెల్లంపల్లిల ఈనను సుత ఏ సర్దారో గిట్లనే పట్టుండవచ్చు. ఈన ఎన్ని సైకిళ్లు కడిగిండో.

ఆఁ. అవు. నువ్వు చెప్పలేదని నాకెరుకే. ఎనిమిది దినాలాయె ఎరుకై. మరెందుకు వచ్చుడుతోనే నీ మీద పడ్డ అంటవా?

నువ్వే చెప్పినవని తేలితే నాకు జర తేలికగుండు బావా. పాపం నీకు సగం అంటగట్టుదునేమో. గందుకే అడిగిన. తాడు పక్కకు పెట్టకు, ఇంకా ఉన్నది. అసలు ముచ్చట ఇంకా చెప్పలే.

మొన్న బుధవారం ఎంక్వైరీ అయింది. పై ఆఫీసరొకాయిన వచ్చిండు. ముందుగాల పోశాన్ని అడిగిండు. "సర్దారు ఏదో పేరు పిలిచిండు సారూ, టబ్బుల చప్పుడుకు నాకు సమజ్ కాలే" అని చెప్పిండట పోశం. తరువాత నన్ను పిలిచిండు. కుర్చేసిండు. కుర్చేసిండంటేనే అనుమానమచ్చింది నాకు.

"చూడు ఎల్లేశం, సర్దారు ఎవరి పేరు పిలిచాడు?" అని అడిగిండు.

ఏమని చెప్పాలె? కొమురెల్లి అని పిలిచిండంటే, కొమురెల్లి ఎవలంటడు. ఆ షిఫ్టుల కొమురెల్లి అనెటోడే లేడు. రిజిస్టర్ల లేనోని కోసం సర్దారు కాలిచ్చిండా?

"నన్నే పిలిచిండు, చప్పుడుకు ఇనవడలే" అని చెప్పకపోయినవా అంటున్నవా?

అనుకున్న. నిజంగ అనుకున్న. నోటిదాక వచ్చింది. గప్పుడే పోశం గడప అవుతల నిలవడి చూస్తున్నట్టనిపిచ్చింది. వాడు నిజంగ ఇనలేదా? ఇని నాకోసం దాస్తున్నడా? నేను ఎల్లేశం అని పిలిచిండంటే, వాడు "కాదు సారూ, ఇంకేదో పేరు" అంటే? వానికి నా మీద ఏం ప్రేమ? నా జాగ పోతే వాని తమ్మునికి వస్తదేమో.

"ఎవల్ని పిలువలే సారూ" అన్న.

ఇగ ఒకటంటే ఇంకోటి అనాలె కదా. మరి లోపలికి ఎందుకు వచ్చాడు అన్నడు. "ఎరుక లేదు సారూ. కట్టెతోని పైకప్పు చూడకుంటనే వచ్చిండు. వస్తనే కూలింది" అన్న. రాసుకున్నరు. కింద నాతోని సంతకం పెట్టిచ్చుకున్నరు. నీ సంతకం బావా. ఎల్లేశం అని. 

అంటే ఏందో సమజైందా నీకు? సర్దారు అయ్యుండి పైకప్పు చూడకుంట పోయిండు, తప్పు ఆయినదే అన్నట్టు. తప్పు ఆయినది కాకుంటే, కాలు పోయినందుకు కొడుకుకు కొలువిద్దురట. తప్పు ఆయినదైతే కొడుకుకు కొలువు లేదు. క్వార్టరు సుత ఖాళీ చెయ్యాలె. ఒంటికాలు మనిషి, పెండ్లాం, ముసలి తల్లి, కొడుకు.

మరునాడు పోశాన్ని అడిగిన, ఊకెనే అడిగినట్టు. వాడు నిజంగనే ఇనలేదు బావా. కొక్కెం బిగిసిపోతే దాని మీదనే ధ్యాసున్నదట. "పిలిచింది నిన్నేనా?" అని వాడే నన్ను అడిగిండు.

'ఎల్లేశం' అని పిలిచిండంటే ఆ చిన్న అబద్ధం నడిచుండేది. నా కొలువు, ఆయిన కొడుకు కొలువు రెండు మిగిలుండేటియి. నేనే వాన్ని నమ్మలే.

పోయి మాట మార్చొచ్చు కదా అంటవ్. నీకేం బావా, తాడు పేనుకుంట చెప్తవ్. మాట మార్చినోన్ని అడుగుతరు, అప్పుడెందుకు గట్ల చెప్పినవ్ అని. తవ్వుతరు. గుర్తులు చూస్తరు. ఊరికొస్తరు. గందుకే చెప్తున్న, ఎవలన్న వచ్చి అడిగితే నువ్వు కొమురెల్లివి. నీకు ఎల్లేశం అనే బావ ఉన్నడు, బాయిల చేస్తడు. గంతే. తప్పుతవా? నా దిక్కు చూసి చెప్పు.

సరే. నమ్మిన అనుకో.

ఇంకోటి మిగిలింది. రేపు సోమవారం ఆఫీసరు దవాఖానకు పోతున్నడు, సర్దారు మాట రాసుకోను. మంచం కాడనే రాసుకుంటరట. ఆయిన నోరిడిస్తే అయిపాయె. "నేను పిలిచిన, వాడు మర్లలే, ఎందుకంటే వాడు ఎల్లేశం కాదు" అంటే? ఇన్ని దినాలు ఎందుకన్లే? ఆయినకు సోయి లేక అన్లేదా, నన్ను చేతుల పెట్టుకుందామని అన్లేదా? కాలు లేనోనికి ఇంకేం పోయేదున్నది? నాకు నిద్రలేదు బావా. రేపటి దాక ఆగుడు నా తోని కాలే.

నిన్న పగటిపూట పోయిన. కోడలు నీళ్లకు పోయింది. ముసలవ్వ వరండల కునుకుతున్నది. ఆయిన గోడదిక్కు మర్లి పండుకున్నడు. నేను మంచానికి దగ్గరగ పోయి నిలవడ్డ. చెవు కాడికి ఒంగిన.

"ఆగయ్యా" అన్న.

గట్టిగ కాదు. తల్లి పిలిచినట్టు, ప్రేమగ. ఎట్ల పిలువాలెనో నాకు ఆయినే నేర్పిండు కదా.

కదులలే. మెడ నరం బిగిసింది, కనవడ్డది నాకు. పాపం, ఆయిన సుత నేర్చుకున్నోడే. మల్ల పిలిచిన. "ఆగయ్యా, సోమవారం సారు వస్తడట. ఏం చెప్పాలెనో ఎరుకే కదా?"

మర్లిండు బావా.

ఇరవై మందిని కట్టెతోని నడిపిచ్చినోడు రెండు చేతులు జోడిచ్చిండు.  "పిలగాని కొలువు..." అన్నడు. కండ్లెంబడి నీళ్లు చెవులల్లకు కారుతున్నయ్. నన్ను బతికిచ్చిన చేతులే అవి, నాకెరుకే.

నాకు గప్పుడు ఏడుపు రావాలె. సిగ్గన్న కావాలె. నీ కాడ దాసుడెందుకు, నిజం చెప్తున్న. పదకొండు నెలలాయె నేను ఆ బాయిల చేరి. గన్ని దినాలల్ల గా ఒక్క ఘడియ నాకు మస్తు మంచిగనిపిచ్చింది బావా.